క్రోమ్‌ను గూగుల్ నుంచి విడదీసి ఉంటే మామూలు వాడుకరులకు ఏమైనా ఒరిగేదా?

సెర్చ్ గుత్తాధిపత్యం కేసులో గూగుల్ చేత క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మించాలని అమెరికా ప్రభుత్వం కోర్టును కోరింది కదా, ఈ ప్రశ్న అక్కడిదే. పెద్దగా ఏమీ ఒరిగేది కాదనే నా గట్టి నమ్మకం. క్రోమ్ ఎవరి చేతికి వెళ్లినా లోపల నడిచే ఇంజిన్, అంటే వెబ్ పేజీని చదివి తెరమీద చూపించే భాగం, అదే కదా! ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్... పేర్లు వేరు, అన్నీ క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ మీద కట్టినవే. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ కూడా సొంత ఇంజిన్‌ను పక్కనపెట్టి 2020లో క్రోమియంకే వచ్చేసింది. దీనికి బయట చెప్పుకోదగ్గవి రెండే మిగిలాయి: ఆపిల్‌ది వెబ్‌కిట్ (సఫారీ బ్రౌజర్‌లో ఉండేది), మొజిల్లాది గెకో (ఫైర్‌ఫాక్స్‌లో ఉండేది). చర్చ జరగాల్సింది వీటి గురించి.

నేను వెబ్‌సైట్లు టెస్ట్ చేసే పనిలో ఉన్నాను. ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీకి అపాయింట్‌మెంట్లు బుక్ చేసుకునే సైట్ ఉండేది. ఐఫోన్ వాడే ఒకాయన ఫిర్యాదు పంపారు. తేదీ ఎంచుకోగానే టైమ్ కనిపించాల్సిన చోట ‘ఇన్‌వాలిడ్ డేట్’ అని వస్తోందట, ఆపైన బటన్ పనిచేయడం లేదట. సపోర్ట్ వాళ్ల దగ్గర ఇలాంటి వాటికి ఒకటే జవాబు సిద్ధంగా ఉండేది: ‘దయచేసి క్రోమ్ వాడండి.’ పాపం ఆయన క్రోమ్ వేసుకున్నారు. మళ్లీ అదే ‘ఇన్‌వాలిడ్ డేట్’. స్క్రీన్‌షాట్ పంపితే, క్రోమ్‌లో అలా రావడానికి వీల్లేదు, మీరు సఫారీనే తెరిచి ఉంటారన్నారు. ఆయన ఈసారి క్రోమ్ మెనూ కూడా కనబడేలా ఇంకో స్క్రీన్‌షాట్ పంపారు. అప్పుడు గానీ ఆ టికెట్ నా దాకా రాలేదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ అయినా వెబ్‌కిట్‌తోనే నడవాలన్నది ఆపిల్ పెట్టిన నిబంధన. అంటే ఐఫోన్‌లో క్రోమ్ అన్నది పైపై రూపమే, లోపల ఉన్నది సఫారీ ఇంజినే. పెద్ద టెక్ కంపెనీలను అదుపు చేసే డిజిటల్ మార్కెట్స్ చట్టం పుణ్యమా అని 2024లో యూరోపియన్ యూనియన్‌లో ఆ నిబంధన సడలించారు గానీ, ఈ గొడవ అంతకు చాలా ముందుది.

కోడ్ తెరిచి చూస్తే, సర్వర్ నుంచి వచ్చే తేదీకీ టైమ్‌కీ మధ్య ఒక ఖాళీ ఉంది. ప్రమాణం ప్రకారం అక్కడ ‘టి’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉండాలి. కంప్యూటర్‌లోని క్రోమ్ ఆ ఖాళీని చూసీ చూడనట్టు వదిలేసేది. అప్పటి వెబ్‌కిట్ ఒప్పుకునేది కాదు. ఒక్క అక్షరం చేర్చగానే అన్నిచోట్లా పనిచేసింది. ఆ పేజీ రాసినవాళ్లు దాన్ని క్రోమ్‌లో తప్ప మరెక్కడా తెరిచి చూడలేదు! అడిగితే వచ్చిన సమాధానం: ‘అందరూ వాడేది క్రోమే కదా.’ ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక ఇంజిన్ ఏం చేస్తే అదే ప్రమాణం అనుకునే స్థితి ఇలాగే వస్తుంది.

ఇది కొత్త కథేం కాదు. ఒకప్పుడు ముందున్న నెట్‌స్కేప్ బ్రౌజర్‌ను దెబ్బతీశాక మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6వ వెర్షన్ 2001లో వచ్చింది, 7వది రావడానికి 2006 దాకా పట్టింది. పోటీ లేకపోతే తొందరెందుకు? గుత్తాధిపత్యం కేసులో మైక్రోసాఫ్ట్‌ను రెండు ముక్కలు చేయమని 2000లో కోర్టు ఆదేశిస్తే, మరుసటి ఏడాదే అప్పీలులో ఆ ఆదేశం పోయింది. ఎక్స్‌ప్లోరర్‌ను నిద్రలేపింది 2004లో వచ్చిన ఫైర్‌ఫాక్స్, అంటే ఇంకో ఇంజిన్.

అందుకే 2025 సెప్టెంబర్‌లో గూగుల్ కేసు విన్న అమెరికా జడ్జి అమిత్ మెహతా క్రోమ్‌ను అమ్మక్కర్లేదన్నప్పుడు నాకు బాధ కలగలేదు. బాధ కలిగింది డబ్బు విషయంలో. బ్రౌజర్లలో, ఫోన్లలో తన సెర్చ్‌ను డిఫాల్ట్‌గా పెట్టించుకోవడానికి గూగుల్ 2021లో ఖర్చు చేసింది 2,630 కోట్ల డాలర్లు. 2022లో ఒక్క ఆపిల్‌కే దాదాపు 2,000 కోట్లు. తన సెర్చ్ ఒక్కటే ఉండాలనే (ఎక్స్‌క్లూజివ్) ఒప్పందాలను జడ్జి ఆపారు గానీ చెల్లింపులను ఆపలేదు. ఆపితే మొజిల్లా బతకదన్న వాదన ఉంది, నిజమే, దాని ఆదాయంలో పెద్ద వాటా గూగుల్ ఇచ్చేదే. కానీ పెద్ద కంపెనీల చేతిలో లేకుండా మిగిలిన ఏకైక ఇంజిన్, తన పోటీదారు ఇచ్చే డబ్బుతో బతకాల్సి రావడం కంటే అన్యాయం ఏముంది? కొన్నేళ్లు గడువిచ్చి చెల్లింపులు మాన్పించాల్సింది.

యాడ్ బ్లాకర్ల సంగతి కూడా చెప్పాలి. ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాముల) నియమాలను క్రోమ్ మార్చేసరికి యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ అసలు రూపం అందులో పనిచేయకుండా పోయింది. ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలో ఇంజిన్ ఉంటే ఇంకేం జరుగుతుంది? ఫైర్‌ఫాక్స్‌లో అది నిక్షేపంగా పనిచేస్తోంది. నేను వాడేది అదే. ‘క్రోమ్‌లో తెరవండి’ అనే సైట్ ఎదురైతే వాళ్లకు ఫిర్యాదు రాయకుండా వదలను, మీరూ రాయండి.