రొమ్ము ఆపరేషన్ మచ్చ పూర్తిగా పోతుందా? తగ్గాలంటే ఏం చేయాలి?

పూర్తిగా పోదు, కానీ గాయం మానాక మచ్చ మీద రాసే సిలికాన్ జెల్ లేదా అంటించే సిలికాన్ షీట్ వాడుతూ, కోత మీద లాగుడు, ఎండ పడకుండా చూసుకుంటే చాలామందికి సన్నని లేత గీతగా మిగులుతుంది.

కోత మానేటప్పుడు శరీరం అక్కడ కొలాజెన్ అనే ప్రొటీన్‌ను హడావిడిగా పోగేస్తుంది. అందుకే మొదటి కొన్ని నెలలు మచ్చ ఎర్రగా, గట్టిగా, దురదగా ఉంటుంది. అప్పుడే టెన్షన్ పడక్కర్లేదు. ఆ కొలాజెన్ సర్దుకోవడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. సిలికాన్ చర్మంలో తేమ ఆరిపోకుండా కాపాడుతుంది, దాంతో కొలాజెన్ అతిగా పేరుకోదు. షీట్ అయితే రోజుకు 12 గంటలకు పైగా, రెండు మూడు నెలలు ఉంచాలి. మధ్యలో మానేస్తే పెద్దగా లాభం ఉండదు. సిగరెట్ తాగేవాళ్లకు గాయమే సరిగా మానకపోవచ్చు, మచ్చ సంగతి తర్వాత.

ఉదాహరణకు, రొమ్ము సైజు తగ్గించే ఆపరేషన్‌లో చనుమొన చుట్టూ వేసిన కోత అక్కడి ముదురు రంగు అంచులో ఇట్టే కలిసిపోతుంది. రొమ్ము కింది మడతలోని కోత మాత్రం, ముఖ్యంగా ఛాతీ మధ్య వైపు కొస దగ్గర, ఉబ్బెత్తుగా మారే అవకాశం ఎక్కువ. డాక్టర్ చెప్పినన్నాళ్లూ సపోర్ట్ బ్రా వేసుకోమనేది కోత మీద లాగుడు తగ్గడానికి కూడా.

విటమిన్ ఇ నూనె రాస్తే మచ్చ మాయమవుతుందని చాలామంది నమ్ముతారు. అలా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, పైగా కొందరికి దద్దుర్లు వస్తాయి. మచ్చ కోత హద్దు దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్ కావచ్చు. దానికి క్రీములు చాలవు, డాక్టర్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు.