నైట్రస్ పెట్టిన ఇంజనుకు ఏ స్పార్క్ ప్లగ్ వేయాలి?

ప్రశ్న: నాది 1300 సీసీ పాత పెట్రోల్ కారు. ట్రాక్ మీద జరిగే డ్రాగ్ పోటీల (తిన్నని దారిలో వేగ పందేల) కోసం దానికి వెట్ రకం నైట్రస్ కిట్ పెట్టించాను, అంటే ఇంజను బలం పెంచే నైట్రస్ ఆక్సైడ్‌నూ, దానికి సరిపడా పెట్రోలునూ కలిపి చిమ్మే అమరిక. దాని జెట్ (చిమ్మే సన్నని రంధ్రం) 50 హార్స్‌పవర్ అదనంగా ఇచ్చేది. ఇప్పుడున్నవి ఎన్‌జీకే బీకేఆర్6ఈ-11 ప్లగ్గులు. పేరు మధ్యలోని అంకె తగ్గితే ప్లగ్ చల్లగా ఉంటుంది కాబట్టి 5 వేయమని ఒక మెకానిక్ అంటున్నారు. ప్లాటినం వేస్తే చాలా కాలం చూసుకోనక్కరలేదని మరొకరు చెబుతున్నారు. ఏది వేయాలి? గ్యాప్ (నిప్పురవ్వ దూకే ఎలక్ట్రోడ్లు, అంటే రెండు లోహపు కొనల మధ్య ఖాళీ) ఎంత ఉండాలి? — ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: దయచేసి 5 వేయవద్దు. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గులలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిదవుతుంది. బాష్, ఛాంపియన్ ప్లగ్గులలో దీనికి తలకిందులుగా, అంకె పెరిగేకొద్దీ వేడిదవుతుంది. మీ మెకానిక్ బాష్ లెక్కను ఎన్‌జీకేకు వర్తింపజేసి ఉంటారు. మీకు కావలసింది చివర 11 లేని, మామూలు నికెల్ ఎలక్ట్రోడ్ ఉన్న బీకేఆర్7ఈ. గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు ఉంచండి.

చల్లని ప్లగ్ అంటే నిప్పురవ్వ బలహీనంగా ఉన్న ప్లగ్ అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. లోపలి పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటే, మొనకు తగిలిన వేడి త్వరగా ప్లగ్ మరచుట్ల మీదుగా సిలిండర్ హెడ్‌లోకి దిగిపోతుంది, అదే చల్లని ప్లగ్. మొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో ఉంటే మసి పేరుకుంటుంది. 800 దాటితే నిప్పురవ్వ పడకముందే ఆ ఎర్రటి మొనే పెట్రోలును ముట్టిస్తుంది, దాంతో పిస్టన్ కరగడానికి క్షణాలు చాలు. గాలిలో బరువు ప్రకారం ఆక్సిజన్ దాదాపు 23 శాతం ఉంటే నైట్రస్ ఆక్సైడ్‌లో 36 శాతం ఉంటుంది. సిలిండర్‌లోని వేడికి నైట్రస్ విడిపోయి ఆ ఆక్సిజన్ బయటపడినప్పుడు, దానికి సరిపడా పెట్రోలు కూడా కలిసి మండుతుంది కాబట్టి మొనకు తగిలే వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. అదనంగా వచ్చే ప్రతి 75 నుంచి 100 హార్స్‌పవర్‌కు ఒక మెట్టు చల్లని ప్లగ్ వేయాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మీ జెట్ 50 మాత్రమే అయినా, 1300 సీసీ ఇంజనుకు అది చిన్న భారం కాదు కాబట్టి ఒక మెట్టు చల్లని 7 వేయడమే మంచిది. రెండు మెట్లు చల్లని 8 వేస్తే, నైట్రస్ లేకుండా ఊళ్లో నడిపే రోజుల్లో మసి పట్టి బండి దడదడలాడుతుంది.

ప్లాటినం ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. నిరుడు మే నెలలో నల్లగొండ నుంచి ఒక యువకుడు నాలుగు ప్లగ్గులను పాత గుడ్డలో మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మూడు బాగానే ఉన్నాయి. నాలుగోదానికి పక్క ఎలక్ట్రోడ్ కొస కరిగి పూసలా గుండ్రబడింది, తెల్లని పింగాణీ మీద ఆవగింజ కన్నా చిన్నవైన వెండి చుక్కలు మెరుస్తున్నాయి. ఆ చుక్కలు పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం. అవి ప్లాటినం ప్లగ్గులే. నైట్రస్ వాడే ఇంజన్లలో ప్లాటినం మొన వేడిని పట్టుకుని నిప్పుకణికలా నిలిచే ప్రమాదం ఉంది. ఇరిడియం వాడవచ్చు, కానీ దాని సన్నని మొన గ్యాప్ సరిచేసేటప్పుడు విరిగిపోవచ్చు.

ఇక గ్యాప్ సంగతి. సిలిండర్‌లో మిశ్రమం ఎంత చిక్కగా ఉంటే నిప్పురవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. మీ ఇప్పటి ప్లగ్గుల చివర ఉన్న 11 అంటే 1.1 మిల్లీమీటర్లు, నైట్రస్ వేళ అది ఎక్కువ. ఫీలర్ గేజ్‌తో (సన్నని రేకుల కొలత పరికరంతో) కొలిచి, పక్క ఎలక్ట్రోడ్‌ను మాత్రమే మెల్లగా వంచండి. 0.8 వద్ద కూడా మిస్‌ఫైర్ వస్తే (మిశ్రమం అంటుకోకుండా పోతే) 0.7కు తగ్గించండి. టైమింగ్‌ను (నిప్పురవ్వ పడే సమయాన్ని) కూడా సుమారు 2 డిగ్రీలు వెనక్కి జరపాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మన ఎండ. నైట్రస్ 36.4 డిగ్రీల సెల్సియస్ దాటాక ద్రవంగా నిలవదు, సీసాలో ఒత్తిడి గబగబా పెరుగుతుంది. ఈ కిట్లు సాధారణంగా 900 నుంచి 950 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడికి లెక్కగట్టినవి. మే నెలలో నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఆ సీసా ఏ స్థితిలో ఉంటుందో మీరే ఊహించుకోండి: జెట్ గుండా నైట్రస్ ఎక్కువ పోతుంది, పెట్రోలు మాత్రం అంతే వస్తుంది, మిశ్రమం పలచబడి మొన మండిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఆ ప్లగ్ కథ కూడా సగం ఇదేనని నేను నమ్ముతున్నాను. కాబట్టి సీసాకు ప్రెజర్ గేజ్ పెట్టించండి, పోటీకి ముందు నీడలో తడిగుడ్డ చుట్టి ఉంచండి. గేజ్ 950 దాటి చూపుతున్నంతసేపు బటన్ నొక్కవద్దు.

ఇదంతా ట్రాక్ కోసమే చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్ బహిరంగ ప్రదేశాలలో పందేలను నిషేధిస్తుంది. జాతీయ రహదారి 44 మీద ఎవరూ ఈ ప్రయోగం చేయకూడదని నా గట్టి విన్నపం.

ప్రశ్న: పరుగు తర్వాత ప్లగ్ చూసి ఇంజను క్షేమంగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? — ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: పూర్తి వేగంలో ఉండగానే క్లచ్ నొక్కి ఇంజను ఆపి, బండిని తోసుకుని రావాలి, ఐడిల్‌లో నడిపించి తెస్తే గుర్తులు చెరిగిపోతాయి. ఇంజను చల్లారాక ప్లగ్గులు విప్పి, భూతద్దంతో చూడండి. పింగాణీ లేత గోధుమ రంగులోనో తెల్లగానో శుభ్రంగా ఉంటే మంచిది. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువైందని, లేదా ప్లగ్ మరీ చల్లనిదని అర్థం. మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు కనబడితే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలైంది. ఆ రోజుకు పోటీ మానుకుని, టైమింగ్‌నూ పెట్రోలు జెట్‌నూ చూపించండి, ఇంకా చల్లని ప్లగ్ వేసి కప్పిపుచ్చవద్దు. వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ను బిగించేటప్పుడు ముందు చేత్తో చివరి వరకు తిప్పి, ఆపైన పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పితే చాలు.