వాల్టర్ లినీ: ఫాదర్ ప్రధానమంత్రి కావడం సబబేనా?

వాల్టర్ లినీ అనే చర్చి ఫాదర్ పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల దేశం వనువాటుకు తొలి ప్రధాని ఎలా కాగలిగారని, మతగురువు పాలకుడు కావడం సబబేనా అని మీరు అడిగారు. ఆ దేశ రాజధాని పోర్ట్ విలాలో కొన్నేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఆనాటి పరిస్థితుల్లో అది ముమ్మాటికీ సబబే.

లినీ 1942లో పెంటెకోస్ట్ దీవిలో పుట్టి, 1970లో ఆంగ్లికన్ చర్చి మతగురువయ్యారు. ఇప్పటి వనువాటు దీవులను న్యూ హెబ్రిడీస్ అనే పేరుతో 1906 నుంచి బ్రిటన్, ఫ్రాన్స్ ఉమ్మడిగా ఏలేవి. పోలీసులు రెండు రకాలు, జైళ్లు రెండు రకాలు, బడులూ రెండు రకాలే. స్థానికులకు మాత్రం ఆ రెండు దేశాల్లో దేని పౌరసత్వమూ లేదు. ఊరూరా చదువు చెప్పి, ఒక దీవి మనిషిని మరో దీవి మనిషితో కలిపినది చాలావరకు చర్చే కనుక నాయకులూ అక్కడి నుంచే వచ్చారు. ఫ్రెడ్ టిమాకటా, సేతి రెగెన్వాను వంటి ఆయన సహచరులు కూడా పాస్టర్లే.

అసలు పోరాటం భూమి కోసం. తోటల యజమానుల చేతుల్లోకి పోయిన నేలను తిరిగి పొందాలని 1971లో మొదలైన సంఘమే తరువాత లినీ నాయకత్వంలో వనువాకు పార్టీ అయింది. 1980 జూలై 30న స్వాతంత్ర్యంతో పాటు అమల్లోకి వచ్చిన రాజ్యాంగం, దేశంలోని భూమి అంతా ఆచారం ప్రకారం దాని మూలవాసులదేనని ప్రకటించింది. ఒక సాయంత్రం నకమాల్‌లో, అంటే కావా అనే వేరు పానీయం తాగేందుకు ఊరివాళ్లు చేరే చోట, పరిచయమైన పెద్దాయన, గీత గీసినట్టు వరుసల్లో నిలిచిన ముదురు కొబ్బరిచెట్లను చూపించి, వాటిని దొర నాటించాడని, నేల మాత్రం ఇప్పుడు తమ వంశానిదని గర్వంగా చెప్పారు. లినీ గురించి నాకు అన్నిటికన్నా ఎక్కువ తెలియజెప్పింది ఆ మాటే.

శాంటో దీవిని వేరు చేయాలని అక్కడి నాయకుడు జిమ్మీ స్టీవెన్స్ లేవదీసిన తిరుగుబాటును పాపువా న్యూగినీ సైన్యం సాయంతో అణచవలసి వచ్చింది. అణ్వాయుధాలను వ్యతిరేకించడంలోనూ, ఫ్రాన్స్ పాలనలోని న్యూ కాలెడోనియా మూలవాసులైన కనక్ ప్రజల స్వాతంత్ర్యాన్ని సమర్థించడంలోనూ ఆయన పెద్ద దేశాలకు జంకలేదు. అయితే 1987లో పక్షవాతం వచ్చిన తరువాత ఆయన అధికారాన్ని తన చేతిలోనే బిగించుకున్నారన్న విమర్శ న్యాయమైనదే. 1991లో సొంత పార్టీయే ఆయనను తొలగించింది.

1999 ఫిబ్రవరి 21న ఆయన కన్నుమూశారు. ఆ తేదీ అక్కడ ప్రభుత్వ సెలవుదినం. నేనున్న కాలంలో ఆయన రాజకీయాలను తప్పుపట్టేవారు సైతం ఆ రోజు జరిగే ప్రార్థనలకు వచ్చేవారు.