పాత స్నోప్లౌ ట్రాక్టర్‌కి కట్టేముందు పక్కింటి తలుపు కొట్టు

గుణుపురం నుంచి మీ నాన్నగారు నిన్న రైలెక్కి వచ్చి, నువ్వు పంపిన ఫొటోలు చూపించారు బాబూ. పర్లాకిమిడిలో మా అరుగు మీద కూర్చుని ఆ తుప్పుపట్టిన స్నోప్లౌనూ, అదే మంచు తోసే బ్లేడునూ, నీ ట్రాక్టర్‌నూ మార్చి మార్చి చూశాం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు సిరక్యూస్ దగ్గర ఇల్లు, పొడుగాటి డ్రైవ్‌వే, పాత పికప్ ట్రక్కు నుంచి ఊడదీసిన ఏడున్నర అడుగుల బ్లేడు. అచ్చం నేను అక్కడ మొదటి శీతాకాలం తెచ్చుకున్న సరుకే. "మావాడు దీన్ని కట్టగలడా?" అన్నారు. కట్టగలడు. నేను కట్టాను, ఇరవై రెండేళ్లు దానితోనే మంచు తోశాను. కానీ ఆ ఫొటోలు అన్నీ వెతికినా పక్కన ఇంకో మనిషి కనిపించలేదు. నా బెంగంతా దాని గురించే.

నా మొదటి తప్పు కరెంటు పంపు. ట్రక్కు ప్లౌకి 12 వోల్టుల మోటారుతో నడుస్తూ, ఆయిల్ ఒత్తిడితో బ్లేడును కదిపే సొంత హైడ్రాలిక్ పంపు ఉంటుంది. ఎలాగూ వచ్చింది కదా అని దాన్నే ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించాను. బ్లేడు ఎత్తేటప్పుడు ఆ మోటారు 150 ఆంపియర్ల పైదాకా లాగుతుంది; నా ట్రాక్టర్ ఆల్టర్నేటర్ ఇచ్చేది 40. లైట్లు మసకబారి, రాత్రి తొమ్మిదింటికి డ్రైవ్‌వే మధ్యలో ఆగిపోయింది. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక సీటు మీదే కూర్చుండిపోయాను. ఆ ఊళ్లో నా దగ్గరున్న నంబర్లు రెండే, ఒకటి ఆఫీసుది, ఒకటి బ్యాంకుది.

నువ్వు ఆ పంపు తీసి పక్కన పెట్టు, ట్రాక్టర్ హైడ్రాలిక్స్ చాలు. బ్లేడును కుడికీ ఎడమకీ తిప్పే రెండు ర్యాములూ (ఆయిల్ నిండితే కడ్డీ చాచే సిలిండర్లు) సింగిల్ యాక్టింగ్‌వి, అంటే ఒకవైపే తోస్తాయి, ఒక్కోదానికి ఒకటే హోస్. ట్రాక్టర్ డబుల్ యాక్టింగ్ వాల్వుకి ఉండే రెండు పోర్టులకు చెరొకటి కలిపితే ఒకటి చాచుకుంటుంటే రెండోది ముడుచుకుంటుంది. వాటి మధ్య క్రాస్‌ఓవర్ రిలీఫ్ వాల్వు తప్పకుండా పెట్టు. బ్లేడు మూల రాయికి తగిలితే లోపలి ఆయిల్‌కి రెండోవైపు దారి ఉండాలి. ట్రక్కు పంపుతోపాటు ఆ ఏర్పాటూ పోతుంది. నేను పెట్టలేదు, డిసెంబరులోనే ఒక ర్యాము కడ్డీ వంగింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. బ్లేడు వెనక స్ప్రింగులు వదులుగా ఉన్నాయనుకుని వెల్డింగ్‌తో బిగించేశాను. అవి ఉన్నదే అడ్డం తగిలినప్పుడు బ్లేడు ముందుకు వాలి దాన్ని దాటడానికి. పైగా మొత్తాన్నీ ట్రాక్టర్ ముందు బరువులెత్తే లోడర్ చేతులకు తగిలించాను. లోడర్ చేతులు బరువు ఎత్తడానికి చేసినవి, పక్కవాటు తోపు తట్టుకోవు. గడ్డకట్టిన గట్టుకి ఒక మూల గుద్దుకుని ఎడమ చెయ్యి మెలిపడింది. తోపు బలం ట్రాక్టర్ చాసిస్ మీద పడేలా కింద నుంచి మౌంట్ కట్టు. బ్లేడును మౌంట్‌కి కలిపే ఏ-ఫ్రేమ్ నేలకి సమాంతరంగా ఉండాలి. తోసేటప్పుడు లివర్ ఫ్లోట్‌లో ఉంచు, బ్లేడు నేల ఎత్తుపల్లాల్ని బట్టి తనే లేచి దిగుతుంది. వెనక చక్రాలకు గొలుసులు, వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్‌కి బరువు కోసం కాంక్రీటు పోసిన డ్రమ్ము. మనవైపు దమ్ము చక్రాలు వేసి ట్రాక్టర్ నడిపినవాడివి, పట్టు సంగతి నీకు చెప్పక్కర్లేదు.

మూడో తప్పు, బ్లేడు ఫ్రేమును మౌంట్‌కి కలిపే పిన్ను ఒక్కణ్ణే పెట్టబోవడం. ఫ్రేముతో కలిపి 300 కిలోల పైమాట. ఒక చేత్తో జాకీ, ఒక చేత్తో పిన్ను. జాకీ మంచు మీద జారి ఫ్రేము బూటు మీద పడింది. ఎముక విరగలేదు, కానీ కాలు బయటికి రాలేదు. అరిచాను, తెలుగులోనే అరిచాను. పక్కింటి పెద్దాయన, ఒకప్పుడు పాడి ఆవులు పెంచినాయన, గడ్డపార పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కాలు తీశాక ఆయన అన్న మాట ఇది: "మూడు వారాలుగా కిటికీలోంచి చూస్తున్నాను, పిలుస్తావేమోనని."

ఇది నీకు ఎవరూ చెప్పరు, అందుకే ఇంత చెబుతున్నాను. మన ఊళ్లో ట్రాక్టర్ బానెట్ ఎత్తితే పిలవకుండానే నలుగురు చేరతారు, ఇద్దరు సలహా ఇస్తారు, ఒకడు టీ తెస్తాడు. అక్కడ పిలవనిదే రావడం అమర్యాద అనుకుంటారు. మనమేమో రాలేదు కాబట్టి మనమంటే ఇష్టం లేదనుకుంటాం. ఆ అపార్థంలో నాకు ఒక శీతాకాలం పోయింది. గిడుగు రామమూర్తిగారు మా పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవర గిరిజనుల దగ్గరికి తానే వెళ్లి వాళ్ల మాట నేర్చుకున్నారు. నువ్వూ నాలుగు అడుగులు వేసి వెళ్లు.

ఆ పెద్దాయనే నాకు లీకు చూడటం నేర్పాడు. హోస్ మీద వేలు పెట్టబోతే నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపాడు. కంటికి కనపడని చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుందట, చెయ్యే తీసెయ్యాల్సి రావచ్చట. పాత అట్టముక్క ఒకటి హోస్ పొడవునా మెల్లగా జరిపాడు. ఒకచోట అట్ట మీద ఆవగింజంత నల్లచుక్క పడి, చూస్తుండగానే రూపాయి బిళ్లంత అయింది. ఇంజను ఆపి, ప్రెషర్ వదిలాకే ఆ హోస్ ముట్టుకున్నాం.

తోసిన మంచు రోడ్డు మీద పడెయ్యడానికి న్యూయార్క్ చట్టం ఒప్పుకోదు. మిగతా నిబంధనలు మీ టౌన్ వాళ్లవి చూసుకో.

మీ నాన్నగారు రేపు పొద్దున్న రైలుకి వెళ్తారు. ఈలోపు పక్కింటికి వెళ్లి, "పిన్ను పెట్టడానికి ఒక చెయ్యి వేస్తారా?" అని అడిగి మాకు ఫోన్ చెయ్యి. తలుపు తీసింది ఎవరో, ఏమన్నారో ఆయన వినాలనుకుంటున్నారు.