న్యూట్రినోకి అంత తక్కువ బరువెందుకు? విశ్వంలో పదార్థం మిగలడానికీ దానికీ సంబంధమేంటి?

న్యూట్రినోలు (దేనితోనూ దాదాపు కలవకుండా దూసుకుపోయే, విద్యుదావేశం లేని సూక్ష్మ కణాలు) దారిలో ఒక రకం నుంచి ఇంకో రకంలోకి మారతాయని 1998లో జపాన్‌లోని సూపర్-కామియొకాండె ప్రయోగం తేల్చింది. ద్రవ్యరాశి ఉంటేనే అలా మారగలవు. కానీ న్యూట్రినో బరువు తూచే జర్మనీ ప్రయోగం కాట్రిన్ కొలతల ప్రకారం ఆ ద్రవ్యరాశి 0.45 ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల బరువు చెప్పే కొలమానం) లోపే. ఎలక్ట్రాన్‌కి 5,11,000!

నాకు బాగా నచ్చిన జవాబు 'సీ-సా' నమూనా. తేలిక న్యూట్రినోకి జోడీగా చాలా బరువైన న్యూట్రినో ఒకటి ఉందనుకోండి. పిల్లల ఊగుడుబల్ల మీద లాగే, అది ఎంత కిందికి దిగితే ఇది అంత పైకి లేస్తుంది. లెక్క చిన్నదే. బరువైన మామూలు కణాల స్థాయి, సుమారు 100 జీఈవీని (ఒక జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) వర్గం చేసి, ఆ జోడీ ద్రవ్యరాశితో భాగించాలి. జోడీది కోటి కోట్ల జీఈవీ అయితే వచ్చేది 0.1 ఎలక్ట్రాన్ వోల్టు. సరిగ్గా మనకి కావలసిన స్థాయి.

ఇక పదార్థం సంగతి. తొలి విశ్వంలో ఆ బరువైన న్యూట్రినోలు విడిపోతూ లెప్టాన్లనీ (ఎలక్ట్రాన్, న్యూట్రినోల్లాంటి కణాలు), ప్రతిలెప్టాన్లనీ (వాటితో కలిస్తే రెండూ మాయమయ్యే ప్రతికణాలు) కాస్త హెచ్చుతగ్గులుగా పుట్టించి ఉంటే, ఆ తేడాలో కొంత ప్రోటాన్లు, న్యూట్రాన్ల వైపు మళ్లుతుంది. 1986లో ఫుకుగిటా, యనగిడా చెప్పిన ఆలోచన ఇది. తేడా పెద్దది కానక్కర్లేదు. వంద కోట్లకి ఒకటి ఎక్కువున్నా చాలు, మిగతావన్నీ ప్రతికణాలతో కలిసి మాయమైనా ఆ మిగిలినదాంతోనే నక్షత్రాలూ మనమూ తయారయ్యాం.

మిశ్రమ కోణాలు (న్యూట్రినో రకాలు ఒకదాంతో ఒకటి ఎంతగా కలుస్తాయో చెప్పే మూడు సంఖ్యలు) ఎందుకంత పెద్దవో మాత్రం సీ-సా ఒక్కటే చెప్పలేదు. దానికి అదనపు సౌష్ఠవాలు కావాలి. 2012లో చైనాలోని దయా బే ప్రయోగం మూడో కోణం సున్నా కాదని చూపడంతో, ఆ సౌష్ఠవాల మీద కట్టిన నమూనాల్లో చాలా అందమైనవి మార్చుకోవాల్సొచ్చింది.