గుణుపురం నుంచి వచ్చే డెంటిస్టు చెల్లెలికి: ముందు కాగితాలు, తర్వాతే పరీక్ష

"పెళ్లయి మెల్‌బోర్న్ వస్తున్నాను అక్కా, బీడీఎస్ చేశాను, లైసెన్సు సంగతి అక్కడికొచ్చాక చూసుకుంటే సరిపోతుందా?" అని ఒడిశాలోని గుణుపురం చెల్లెలు ఒకరు అడిగారు. సరిపోదమ్మా. చదువు ఇక్కడికొచ్చాక చదువుకోవచ్చు గానీ కాగితాల పని మాత్రం అక్కడ ఉండగానే ముగించుకుని విమానం ఎక్కు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చిన మన పిల్లలు సబ్జెక్టు రాక ఆగిపోవడం నేను తక్కువే చూశాను, కాగితాల దగ్గర నెలల తరబడి ఆగిపోవడం చాలా చూశాను.

మన ఊళ్లలో పేర్ల చిక్కు ఒకటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియా వాళ్లు వ ఉన్నచోట బ పలుకుతారు కాబట్టి ఇంట్లో వెంకటలక్ష్మి మెట్రిక్ సర్టిఫికెట్‌లో బెంకట లక్ష్మి అవుతుంది, ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో చివరికి పోతుంది, పెళ్లయ్యాక అత్తవారి ఇంటిపేరు కూడా వచ్చి చేరుతుంది. అక్కడ ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఆస్ట్రేలియన్ డెంటల్ కౌన్సిల్, అందరూ ఏడీసీ అంటారు, మొదటి దశలోనే నీ డిగ్రీ, రిజిస్ట్రేషన్, గుర్తింపు పత్రాలు అడుగుతుంది. ఆ పేర్లన్నీ ఒక మనిషివే అని రుజువు చూపాల్సింది నువ్వే. మ్యారేజ్ సర్టిఫికెట్, అఫిడవిట్, అవసరమైతే గెజిట్‌లో పేరు మార్పు, ఇవన్నీ అక్కడే చేయించుకో. ఇక్కడి నుంచి నాన్నగారిని ఆఫీసుల చుట్టూ తిప్పడం కంటే అది ఎంతో నయం.

ఇంకోటి, మనలో చాలామంది కటక్‌లోనో భువనేశ్వర్‌లోనో కాకుండా విశాఖ వైపు వెళ్లి చదువుతారు, రిజిస్ట్రేషన్ ముందు ఆంధ్రలో చేయించుకుని ప్రాక్టీసు కోసం ఒడిశాకి మారుస్తారు. నీ సంగతీ అదే అయితే రెండు రాష్ట్రాల డెంటల్ కౌన్సిళ్లతోనూ పని పడుతుందని ముందే అనుకో. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, అంటే నీ రిజిస్ట్రేషన్ మీద ఏ మచ్చా లేదని కౌన్సిల్ ఇచ్చే కాగితం, మాత్రం మరీ ముందుగా తీసుకోకు, పాతబడితే మళ్లీ అడుగుతారు.

ఇక పరీక్షలు. ఇండియా బీడీఎస్‌తో ఇక్కడ నేరుగా రిజిస్ట్రేషన్ ఇవ్వరు, పైచదువు ఎండీఎస్ ఉన్నా జనరల్ డెంటిస్టుగా చేయాలంటే దారి ఇదే. కాగితాలు ఒప్పుకున్నాక రాత పరీక్ష, 280 ప్రశ్నలు, రెండు రోజులు. ప్రశ్నలన్నీ ఒక పేషెంటు పరిస్థితి చెప్పి ఇప్పుడేం చేస్తావని అడిగే రకం, కాబట్టి ఫైనలియర్‌లో బట్టీ పట్టిన నోట్సు సగమే పనికొస్తుంది. ఇక్కడి వాళ్లు యాంటీబయాటిక్స్ ఎప్పుడు రాస్తారు, ఎప్పుడు రాయరు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నియమాలేమిటి, అవి ప్రత్యేకంగా చదువు.

అసలు టెన్షన్ ప్రాక్టికల్‌తోనే. అది మెల్‌బోర్న్‌లోనే జరుగుతుంది, అదీ రెండు రోజులే. ఒక రోజు బొమ్మ తలలో ప్లాస్టిక్ పళ్ల మీద పని, అంటే క్రౌన్ ప్రిపరేషన్, రూట్ కెనాల్ యాక్సెస్, ఫిల్లింగులు లాంటివి. ఇంకో రోజు పేషెంటుగా నటించే మనుషులతో మాట్లాడి, పరిస్థితి వివరించి, ఒప్పుదల తీసుకోవడం లాంటివి. ప్లాస్టిక్ పన్ను నిజం పన్నులా ఉండదు, బర్, అంటే డ్రిల్లు మొన, ఇట్టే దిగిపోతుంది, మన చేతికి అలవాటైన ఒత్తిడి పెడితే పక్క పన్ను గీసుకుపోతుంది. అందుకే ఫీజు కట్టే ముందే చేతిని దానికి అలవాటు చేయాలి. మాటల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన క్లినిక్కుల్లో డాక్టరు చెబుతాడు, పేషెంటు తలూపుతాడు. ఇక్కడ రెండు మూడు దారులు, వాటి లాభనష్టాలు చెప్పి, ఏది కావాలో పేషెంటునే ఎంచుకోనివ్వాలి. మనం మంచి డాక్టర్లం కాక కాదు, ఆ మాటతీరు మనకెవరూ నేర్పలేదు. మీ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో రోజూ ప్రాక్టీసు చెయ్యి.

ఇంగ్లీషు పరీక్ష రిజిస్ట్రేషన్ అప్పుడు అడుగుతారు, ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ లాంటివి. ఆరోగ్య రంగం వాళ్లకి ఓఈటీ తేలికని నా అభిప్రాయం.

ఈలోపు డెంటల్ అసిస్టెంటుగా చేరొచ్చా అంటే, తప్పకుండా చేరు. ఆ పనికి ఇక్కడ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వీసా పనికి ఒప్పుకుంటే చాలు. డాక్టరు చదివి అసిస్టెంటా అని అత్తగారింట్లో ఎవరైనా అన్నా పట్టించుకోకు, మాటతీరు, రికార్డు రాసే పద్ధతి అక్కడే వస్తాయి. కానీ రిజిస్ట్రేషన్ రాకముందు ఎక్కడా డెంటిస్టునని చెప్పుకోకు, తెలుగువాళ్లే కదా అని ఇంట్లో ఎవరి పన్నూ ముట్టుకోకు. చట్టం ఒప్పుకోదు.

మీ ఆయన ఉద్యోగం రేపు అమెరికాకో కెనడాకో మారేలా ఉంటే మాత్రం ఇందులో డబ్బు పెట్టే ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఏడీసీ పరీక్షలు పాసైనంత మాత్రాన అక్కడ లైసెన్సు ఇవ్వరు. అమెరికాలో ఐఎన్‌బీడీఈ అనే డెంటల్ బోర్డు పరీక్ష రాసి, చాలా రాష్ట్రాల్లో అక్కడి డెంటల్ స్కూల్లో మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి, ఫీజు చాలా ఎక్కువ. కెనడాలో ఏఎఫ్‌కే అనే రాత పరీక్షతో మొదలయ్యే వేరే పరీక్షల వరస ఉంది. బ్రిటన్‌లో బయటి దేశాల డెంటిస్టులు రాసే ఓఆర్ఈ పరీక్ష రెండు భాగాలు, దానికి సీటు దొరకడమే కష్టం.

వీసా వచ్చేదాకా ఖాళీగా కూర్చోకు. గుణుపురంలోనో రాయగడలోనో ఏదైనా క్లినిక్‌కి రోజూ వెళ్లు, జీతం తక్కువైనా సరే. మానేసే రోజున, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు చేశావో లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం, ముద్ర వేయించుకో. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.