బరువు తక్కువైతే ఏటి చెయ్యాలో, అల్లుడికి

ఒరే అల్లుడూ,

నువ్వు స్విఫ్ట్ కారు ఊడదీసి డ్రాగ్ రేసుకని, అదే తిన్నగా ఉన్న ట్రాక్ మీద ఎవడు ముందెళ్తాడో చూసే పందేనికి, చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు తీసుకెళ్తన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు గడ్డి పెట్టమని చేసింది. నాకేమో మన చీపురుపల్లి గుంటడు అక్కడ లైన్లో నిలబడతాడా అని లోపల పొంగిపోయింది, ఆ మాట మాత్రం ఆవిడకి చెప్పకు.

హైవే మీద ట్రయల్స్ వద్దు, రోడ్ల మీద రేసులకి మోటారు వాహనాల చట్టంలో 189 సెక్షన్ ఉంది, లోపలేస్తారు. హెల్మెట్, బెల్టు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నాకు తెలిసింది కాటా. ఖనిజం లారీలు తూచి తూచి కళ్లు పోయినోడ్ని.

రేసులో ఒక్కో క్లాసుకి బండి ఇంత బరువుకి తగ్గకూడదని ఉంటాది. ఆ మినిమం బరువంటే కారు ఒక్కదానిదా, డ్రైవరుతో కలిపా, ముందు నీ క్లాసు రూల్‌బుక్‌లో అది చూడు. డ్రైవరు, హెల్మెట్ అన్నీ కలిపి, అదీ పరుగయ్యాక తూసే చోట్లే ఎక్కువ. మీ కుర్రాళ్లు వెనక సీటు, స్టెప్నీ, జాకీ పీకీసి పెట్రోలు కూడా అడుగంటా ఉంచుతారు. 10 లీటర్లంటే ఏడున్నర కిలోలు రా. పొద్దున్న సరిపోయిన బండి సాయంత్రానికి తక్కువ చూపిస్తాది, గెలిచింది కాస్తా పోతాది. పది పదిహేను కిలోలు ఎక్కువే ఉంచు. మన లారీ కాటా 5కో 10కో గెంతుతాది గానీ కిలో కిలో చూపించదు, అక్కడికెళ్లాక వాళ్ల కాటా ఒకసారి ఎక్కించీ, లెక్క వాళ్లదే.

ఇంక తక్కువైతే ఏటి చేస్తావు? ఇసక బస్తా వేసీస్తావు. నాకు తెలుసు, నీది మీ నాన్న బుర్రే.

మీ నాన్న ఎడం చెయ్యి భుజం దాటి లేవదు కదా, సైకిల్ మీంచి పడ్డానని చెప్పుంటాడు. అబద్ధం. చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు గానీ ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తాను. అప్పుడు బావ జీపు తోలేవోడు, సాలూరు ఘాట్ రోడ్డు మీద వానాకాలం ఖాళీ జీపు వెనక్కాల జారిపోతందని ఒక రైలు పట్టా ముక్క తెచ్చి సీటు వెనక పడేశాడు, అర మీటరు ముక్క, 22 కిలోలుంటాది. కొబ్బరి తాడుతో కట్టాడు. బోల్టు వెయ్యి బావా అంటే కదిలితే కదా అన్నాడు. నిజవే, ఎక్కేటప్పుడు కదల్లేదు, జీపు కూడా బాగా పట్టింది, నన్ను చూసి నవ్వాడు కూడాను. సుంకి నుంచి దిగుతుంటే మలుపులో మేకలు. బ్రేకు తొక్కాడు. జీపు ఆగింది, పట్టా ఆగలేదు. పక్క సీట్లో నేనే ఉన్నాను, ఆ చప్పుడు ఇప్పటికీ వింటాను. పెద్ద స్పీడేం కాదురా అది, నువ్వెళ్లేది దానికి మూడింతలు. గుద్దుకుంటే 20 కిలోలది 400 కిలోల దెబ్బ కొట్టినా కొట్టగలదు.

అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్లు ఇసక బస్తాలు, రాళ్లు, నీళ్ల డబ్బాలు బరువు కింద ఒప్పుకోరు. తాడు, టేపు, వైరు కట్టినా ఒప్పుకోరు. అరంగుళం బోల్టులే. వాళ్లేం పిచ్చోళ్లు కాదు.

అందుకే పీకిన సీటే మళ్లీ పెట్టీ, కంపెనీ బోల్టులతో ఉంటాది. నీది ముందు చక్రాలు లాగే బండి, వెనక బరువేస్తే బయల్దేరేటప్పుడు ముందు టైర్లు ఉత్తినే తిరుగుతాయి, కాబట్టి ముందు పక్క సీటు పీకనే పీకకు. అప్పటికీ చాలకపోతే ఇనప ప్లేటు ఆ సీటు ముందర ఫ్లోర్ మీద వేసి, కింద నుంచి ఇంకో రేకు పెట్టి బోల్టు బిగించు. వెల్డింగ్ షాపోడు బేగి అయిపోతాదని రెండు టాకాలు వేసిస్తానంటాడు, ఒప్పుకోకు. ఒప్పుకున్నావంటే చెంప పగలగొడతాను, ఎంత పెద్దోడివైనా సరే.

ఆదివారం లారీలు రాకముందే కాటాకి వచ్చీ. నువ్వు ఎక్కి ఒకసారి, దిగి ఒకసారి తూద్దాం. హెల్మెట్ తెచ్చుకో, టిఫిన్ మీ అత్త చేస్తాది. మీ నాన్నని కూడా తీసుకురా, ఒట్టు సంగతి నేను చూసుకుంటాను.

మావయ్య